గేమ్ రిమోట్‌తో గుణింతం

మా అమలాపురంలో ఫ్లెక్సీ లేకుండా ఏ శుభకార్యమూ మొదలవదు. పుట్టినరోజుకి ఫ్లెక్సీ, ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ, పదవి వస్తే అభినందన ఫ్లెక్సీ, రాకపోతే ‘త్వరలో రావాలని’ ఇంకో ఫ్లెక్సీ. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం దగ్గర పడిందంటే మా డీటీపీ షాపుల్లో అర్ధరాత్రయినా లైట్లు ఆరవు. అలాంటి షాపు ఒకటి నాది. కొన్నాళ్లుగా నా బల్ల మీద కీబోర్డు, మౌస్‌లతో పాటు గేమ్ కంట్రోలర్ కూడా ఉంటోంది. మనవాళ్లు రిమోట్ అంటారు. అది చూసి వచ్చినవాళ్లంతా ఒకటే మాట: “పని మానేసి ఆడుకుంటున్నారేంటండీ?”

ఆడుకోవడం లేదు. దాన్ని మౌస్‌గా, కీబోర్డుగా వాడుతున్నాను. అది మా మేనల్లుడిది. వాడే తెచ్చి ఇచ్చి, “సినిమాలు చూసుకోవడానికి బాగుంటుంది మావయ్యా, టైపింగ్ మాత్రం దీనితో అయ్యే పని కాదు” అని తీర్పు కూడా వాడే ఇచ్చాడు. ఈ విషయం తెలిసిన చాలామంది తీర్పూ ఇదే. మొదటి సగం నిజమే, రెండో సగంతో నాకు పేచీ ఉంది. కంట్రోలర్‌ని కీబోర్డుకి నకలుగా వాడితే అది చేతకానిదిగానే కనిపిస్తుంది. దాని ఒంటికి తగ్గ పని ఇచ్చి చూడాలి. అలా చూస్తే ఇంగ్లీషు కంటే మన తెలుగే దాని మీద బాగా కుదురుతుందని నా వాదన.

ముందు మౌస్ సంగతి. మౌస్‌ని బల్ల మీద ఎంత జరిపితే తెర మీద బాణం దానికి తగ్గట్టు అంత జరుగుతుంది. చెయ్యి ఆగితే బాణం ఆగుతుంది. కంట్రోలర్ మీద బొటనవేలితో వంచే చిన్న పుల్ల, అంటే స్టిక్, అలా కాదు. ఎంత వంచామన్నది దూరాన్ని చెప్పదు, వేగాన్ని చెబుతుంది. మన కాలవల మీద లాకు తలుపు లాంటిది. ఎత్తినంత మేర నీళ్లు పారుతూనే ఉంటాయి, దించితేనే ఆగుతాయి. అందుకే కొత్తగా పట్టుకున్నవాళ్లు బటన్ దగ్గరికి వెళ్లబోయి దాన్ని దాటిపోతారు, వెనక్కి వచ్చి మళ్లీ దాటిపోతారు, విసుగొచ్చి పక్కన పడేస్తారు.

ఇది చెయ్యి తిరగక వచ్చే ఇబ్బంది కాదు. 1978లోనే జెరాక్స్ కంపెనీ పరిశోధకులు స్టువర్ట్ కార్డ్, విలియం ఇంగ్లిష్, బెట్టీ బర్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. తెర మీద అక్షరాలను ఎంచుకోవడంలో మౌస్, వేగాన్ని చెప్పే జాయ్‌స్టిక్, బాణం కీలు, ఇంకో రకం కీలు పోటీ పడితే మౌసే నెగ్గింది. (మన ఫొటోకాపీ షాపులన్నిటికీ పేరు పెట్టిన కంపెనీయే అది. ఆ ఇంగ్లిష్ గారు అంతకుముందు డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌తో కలిసి మొట్టమొదటి మౌస్‌ని తయారు చేసినాయన.) కాబట్టి స్టిక్ మౌస్‌ని మించుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫ్లెక్సీలో నాయకుడి ఫొటో చుట్టూ పెన్ టూల్‌తో కటింగ్ చెయ్యాలంటే స్టిక్‌తో చెవి దగ్గరే చిక్కుకుపోతాం.

అయితే రోజంతా మనం కంప్యూటర్‌లో చేసేదంతా చెవుల కటింగ్ కాదు కదా. చదవడం, కిందికి జరపడం, పెద్దది చెయ్యడం, వెనక్కి వెళ్లడం, సరే అనడం, వద్దనడం. వీటికి గురి అక్కర్లేదు. ఈ-పేపర్‌లో జిల్లా పేజీలు తిరగేస్తుంటే కుడి స్టిక్‌ని కొంచెం వంచి ఉంచితే పేజీ మెల్లగా జారుతూనే ఉంటుంది. అక్కడ వేగం చెప్పడమే కావాలి. మౌస్ చక్రాన్ని వేలితో గీకుతూ ఉండటం కంటే ఇది ఎంతో సుఖం. మౌస్ దగ్గర లోపమైన గుణమే ఇక్కడ వరమైంది.

సెట్టింగులు మాత్రం ఓపిగ్గా చేసుకోవాలి. విండోస్‌లో జాయ్‌టుకీ, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ యాంటీమైక్రోఎక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఈ పని చేస్తాయి. ఆటలు కొనుక్కునే స్టీమ్ ప్రోగ్రామ్ ఉన్నవాళ్లకి దానిలోనే డెస్క్‌టాప్ అమరిక ఉంటుంది. అన్నీ చేసేది ఒకటే: కంట్రోలర్ చెప్పిన దాన్ని విని, ‘ఈ కీ నొక్కారు’, ‘మౌస్ ఇటు జరిగింది’ అని కంప్యూటర్‌కి చెప్పడం. మామూలు ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్‌లో స్టిక్ అడ్డానికి ఒకటి, నిలువుకి ఒకటి చొప్పున −32768 నుంచి 32767 వరకు అంకెలు పంపుతుంది. వదిలేసినా అది సరిగ్గా సున్నా దగ్గర నిలబడదు కాబట్టి మధ్యలో కొంత మేర పట్టించుకోకుండా వదిలేస్తారు. దాన్ని డెడ్ జోన్ అంటారు. ఎడమ స్టిక్‌కి మైక్రోసాఫ్ట్ సూచించే డెడ్ జోన్ 7849, అంటే దాదాపు నాలుగో వంతు. ఆట ఆడేవాడికి సరిపోతుంది గానీ బాణాన్ని సన్నగా కదపాలనుకునేవాడికి అది చాలా ఎక్కువ. నేను దాన్ని బాగా తగ్గించి, వేగం మొదట్లో నెమ్మదిగా, అంచుకి పోయేకొద్దీ గబగబా పెరిగేలా పెట్టుకున్నాను. ఇది చెయ్యకుండా తీర్పు చెప్పేవాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ ఉన్నవాళ్లకి ఈ గొడవ కూడా తక్కువే. దాని మధ్యలో టచ్‌ప్యాడ్ ఉంటుంది, లినక్స్‌లో అది ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ లాగే పని చేస్తుంది.

షాపులో దీన్ని నేను ఎక్కువగా వాడేది ఎడమ చేత్తో. కుడి చేతిలో మౌస్ అలాగే ఉంటుంది. ప్యాడ్‌ని బల్ల మీద పెట్టి ఎడమ సగం మాత్రమే పట్టుకుంటాను. పైబాణం నొక్కితే జూమ్, కిందబాణం నొక్కితే తగ్గడం, ఎడమబాణం నొక్కితే చేసిన తప్పు వెనక్కి, ఎల్1 (ముందంచున ఎడమ చూపుడు వేలి కింది మీట) పట్టుకుంటే బొమ్మని చేత్తో జరిపే టూల్, స్టిక్ అటూ ఇటూ వంచితే బ్రష్ సైజు. కీబోర్డు మీద కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌ల కోసం చిటికెన వేలు సాగదీసి సాగదీసి పట్టేసిన నా మణికట్టుకి ఇదే పెద్ద ఊరట. బొమ్మలు గీసే చిత్రకారులు ఎయిట్‌బిట్‌డూ వాళ్ల అరచేతిలో పట్టే చిన్న ప్యాడ్లను ఇలాగే షార్ట్‌కట్ల కోసం వాడుతుంటారు.

ఇదీ కొత్త ఆలోచన కాదు. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని లోకానికి చూపించినప్పుడు ఆయన కుడి చేతిలో మౌస్, ఎడమ చేతి కింద అయిదు మీటల చిన్న పలక ఉన్నాయి. ఆ అయిదు మీటలను ఒక్కొక్కటిగానూ, కలిపీ నొక్కితే 31 రకాల కలయికలు వస్తాయి. వాటితో అక్షరాలు టైపు చెయ్యొచ్చు, ఆజ్ఞలు ఇవ్వొచ్చు. మౌస్ ప్రపంచమంతా తిరిగింది. అయిదు మీటల పలకని నేర్చుకోవడం కష్టమని ఎవరూ ఎత్తుకోలేదు. తర్వాతి తరాల పిల్లలు మాత్రం ఆటల పేరుతో ఎల్1, ఆర్2, ఎక్స్ కలిపి నొక్కడం ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకున్నారు. కష్టమన్న చదువు వేరే తలుపులోంచి ఇంట్లోకి వచ్చేసింది.

ఇక మా మేనల్లుడితో పేచీ దగ్గరికి వద్దాం. కంట్రోలర్‌తో టైపింగ్ అనగానే అందరూ ఊహించేది తెర మీద ఇంగ్లీషు కీబోర్డు బొమ్మ, దాని మీద ఒక్కో అక్షరం దగ్గరికి బాణాన్ని ఈడ్చుకుంటూ పోవడం. పది వేళ్ల కోసం పరిచిన బల్ల మీద ఒంటి వేలితో నడవడం అది. టీవీలో సినిమా పేరు వెతకడానికే ప్రాణం పోతుంది, ఉత్తరం ఎవరు రాస్తారు? స్టీమ్ వాళ్లు టీవీ తెర కోసం 2012లో తెచ్చిన బిగ్ పిక్చర్‌లో దీన్ని కొంత సరిచేశారు. తెర మీద ఎనిమిది రేకుల పువ్వు, ఒక్కో రేకులో నాలుగు అక్షరాలు ఉండేవి. స్టిక్‌తో రేకు, బటన్‌తో అక్షరం. 32 గుర్తులు. ఇంగ్లీషుకి చాలు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ఉన్న మనకి ఏ మూలకీ చాలవు.

కానీ మన అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల్లా కారణం లేని వరుసలో నిలబడలేదు. ఇంగ్లీషులో ‘ఏ’ తర్వాత ‘బీ’ ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేరు. క తర్వాత ఖ ఎందుకొస్తుందో, క వర్గం తర్వాత చ వర్గం ఎందుకొస్తుందో మన పంతుళ్లు చిన్నప్పుడే చెప్పారు. గొంతులో పుట్టేవి, దవడల్లో పుట్టేవి, నాలుక మడిస్తే పుట్టేవి, పళ్ల దగ్గర, పెదాల దగ్గర. అయిదు వర్గాలు, ఒక్కో దానిలో అయిదు అక్షరాలు, 25. అది ముందే గీసి పెట్టిన పట్టిక. స్టిక్‌కి కావలసింది సరిగ్గా అదే.

నా అమరిక ఇది. కుడి స్టిక్‌కి ఎనిమిది దిక్కులు. పైకి క, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగినట్టు చ, ట, త, కిందికి వచ్చేసరికి ప. గొంతు నుంచి పెదాల దాకా సగం చుట్టు. మిగిలిన మూడు దిక్కుల్లో ఒకదానిలో య, ఇంకోదానిలో ర, మూడోదానిలో స. ముందంచున చూపుడు వేళ్ల కింద కుడివైపు ఆర్1, ఆర్2, ఎడమవైపు ఎల్1, ఎల్2 అనే మీటలుంటాయి. ఆర్1 పట్టుకుని వంచితే క కాస్తా గ అవుతుంది, చ జ అవుతుంది, ప బ అవుతుంది. పరుషాలకు సరళాలు వచ్చేస్తాయి. పదో తరగతిలో సరళాదేశ సంధి సూత్రాన్ని తిట్టుకుంటూ బట్టీ పట్టిన నాకు, అది చూపుడు వేలి కిందికి వస్తుందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకునేవాణ్ణి. ఆర్2 పట్టుకుంటే ఒత్తు పలికే ఖ, ఛ, ఠ. రెండూ కలిపి పట్టుకుంటే ఘ, ఝ, ఢ. ఎల్2 పట్టుకుంటే ఆ వర్గపు ముక్కు అక్షరం: ణ, న, మ. య దగ్గర ఆర్1తో వ, ర దగ్గర ఆర్1తో ల, ఆర్2తో ళ, స దగ్గర శ, ష, హ సర్దుకున్నాయి.

ఎడమ స్టిక్ గుణింతం. ఎనిమిది దిక్కుల్లో ా, ి, ు, ె, ొ, ృ, ై, ౌ. ఎల్1 పట్టుకుంటే వాటిలో హ్రస్వాలకి దీర్ఘం. ఎల్2 పట్టుకుంటే మాట మొదట్లో వచ్చే ఇ, ఉ, ఎ లాంటి అచ్చులు. ఎడమ స్టిక్‌ని లోపలికి నొక్కితే పొల్లు, కుడి స్టిక్‌ని నొక్కితే సున్నా. ‘కొబ్బరి’ రాయాలంటే క, ొ, బ, పొల్లు, బ, ర, ి అని ఏడు కదలికలు. కీబోర్డు మీద కూడా అవే ఏడు నొక్కులు. ‘స్త్రీ’కి ఆరు. కంప్యూటర్ లోపల యూనికోడ్ ఈ మాటలను దాచుకునేది కూడా ఈ ముక్కలుగానే.

లోపల జరిగే పని ఏమిటంటే, యాంటీమైక్రోఎక్స్‌కి తెలుగు రాదు. అది మామూలు కీలను మాత్రమే నొక్కగలదు. నేను కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు పెట్టి, స్టిక్ దిక్కులకి ఆ కీలు ఇచ్చాను. ఇన్‌స్క్రిప్ట్‌ని చేసినవాళ్లకి ఈ సంగతి ముందే తెలుసు. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి, ఖ కావాలంటే క మీద షిఫ్ట్. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే పద్ధతికి అలవాటు పడి మనవాళ్లు దాని ముఖం పెద్దగా చూడలేదు గానీ, మన భాషలన్నిటికీ ఒకే లెక్కన కుదిరిన పలక అది. ఆర్1, ఆర్2, ఎల్1, ఎల్2 పట్టుకున్నప్పుడల్లా ప్రోగ్రామ్ ఒక కీల సెట్ నుంచి ఇంకో సెట్‌కి మారుతుంది. దానిలో ఉన్నవి ఎనిమిది సెట్లు. మామూలుది ఒకటి, మీటల కలయికలకి ఆరు, మౌస్‌కి ఒకటి. ఎనిమిదీ నిండిపోయాయి.

మొదట్లో రెండు చిక్కులొచ్చాయి. స్టిక్‌ని వంచి పట్టుకుంటే కీని నొక్కి పట్టినట్టే, కాబట్టి కకకకక అని వరద. సిస్టమ్ సెట్టింగుల్లో కీ రిపీట్ ఆపేస్తే అది పోయింది. రెండోది మొండిది. మూలకి వంచబోతే బొటనవేలు దారిలో పక్క దిక్కుని తాకుతుంది, చ బదులు కచ పడుతుంది. టైపింగ్ సెట్లలో డెడ్ జోన్‌ని మౌస్‌కి పెట్టినట్టు కాకుండా బాగా పెంచి, అంచుకి వెళ్తేనే అక్షరం పడేలా, దిక్కు మారినప్పుడు రవ్వంత ఆగేలా పెడితే చాలావరకు తగ్గింది. మొత్తం పోలేదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఇప్పటికీ పడుతుంది. బి బటన్‌లో బ్యాక్‌స్పేస్ ఉంది కాబట్టి బతికిపోతున్నాను.

వేగం గురించి అడిగేవాళ్లకి: బాగా నెమ్మది. దస్తావేజు టైపు చెయ్యమంటే కీబోర్డు దగ్గరికే వెళ్తాను. షాపులో ఇంకో అడ్డం కూడా ఉంది. మా డీటీపీ పని చాలావరకు అను ఫాంట్లలో. అక్కడ అక్షరాన్ని యూనికోడ్‌లా కాకుండా రూపం ముక్కలుగా దాస్తారు, తలకట్టు, ఒత్తు దేనికది వేరే. దాని మీద ఈ వర్గాల లెక్క పారదు. కాబట్టి దీనితో నేను రాసేది వాట్సాప్ వెబ్‌లో కస్టమర్లకి జవాబులు, సెర్చ్‌లో మాటలు, పడక్కుర్చీలో వెనక్కి వాలి రాసుకునే ఇలాంటి వ్యాసాల చిత్తుప్రతులు. మెడ వంచకుండా, మోచేతులు బల్లకి ఆన్చకుండా తెలుగు రాయగలగడం డీటీపీ వాడికి ఎంత సుఖమో బయటివాళ్లకి చెబితే అర్థం కాదు.

ఈ వాదనలో నన్ను కొంచెం ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. కీబోర్డు పది వేళ్లున్నవాణ్ణి, బల్లా కుర్చీ ఉన్నవాణ్ణి ఊహించుకుని తయారైందని నేను దెప్పుతున్నాను కదా, నా అమరిక రెండు బొటనవేళ్లు, రెండు చూపుడు వేళ్లు సరిగ్గా ఉన్నవాణ్ణి ఊహించుకుంది. మా షాపుకి వచ్చే ఒకాయన కొబ్బరి దింపుకి చెట్టెక్కి జారిపడ్డారు. కుడి చెయ్యి భుజం నుంచి లేవదు. ఇది చూసి ఆసక్తిగా పట్టుకున్నారు, తర్వాత నవ్వి, “మాకు సగమే పనికొస్తుందండి, ఆయ్” అన్నారు. ఆయన కోసం సెట్ల పద్ధతి మార్చి చూశాం. మీటని పట్టుకోనక్కర్లేకుండా ఒకసారి నొక్కితే ఆ సెట్ అలాగే నిలబడేలా పెట్టొచ్చు. ఎడమ స్టిక్ ఒక్కటే మొదట హల్లు, ఎల్1 తట్టాక గుణింతం. కదలికలు ఎక్కువ, పని నెమ్మది, కానీ ఒంటి చేత్తో ‘కోనసీమ’ అని తప్పులేకుండా వచ్చింది. ఆయనకి రాయడం కంటే మార్కెట్ ధరలు చూసుకోవడం, వీడియోలు చూడటం ముఖ్యం, దానికి సగం ప్యాడ్ ఎక్కువే.

ఇలాంటివాళ్ల కోసమే మైక్రోసాఫ్ట్ 2018లో అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. రెండు పెద్ద మీటలు, వెనకవైపు బయటి స్విచ్‌లు తగిలించుకోవడానికి 19 చిన్న రంధ్రాలు. కాలితో నొక్కేవి, గడ్డంతో నొక్కేవి, ఏదైనా. సోనీ 2023లో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. మంచి వస్తువులే. ధర మాత్రం దింపు కూలీకి అందేది కాదు. అందుకని మామూలు వైర్ ప్యాడ్‌నే ఆయనకి తగ్గట్టు మలిచే ప్రోగ్రామ్ ఉచితంగా దొరకడం నాకు ఎక్కువ విలువైన విషయంగా కనిపిస్తుంది.

కొనేవాళ్లకి రెండు మాటలు. వైర్ ఉన్నది కొనండి, ఛార్జింగ్ గొడవ ఉండదు. చవక ప్యాడ్లలో స్టిక్ కింద కార్బన్ పూత మీద రాసుకునే పరికరం ఉంటుంది, అది అరిగేకొద్దీ చెయ్యి పెట్టకపోయినా బాణం తనంతట తాను పాకుతుంది. కొంచెం ఎక్కువ పెడితే అయస్కాంతంతో పని చేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు దొరుకుతాయి, అవి అలా రాసుకుని అరగవు. కీబోర్డుని మాత్రం అటక ఎక్కించకండి. కంప్యూటర్ ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టేటప్పటికి ఈ ప్రోగ్రామ్‌లు ఇంకా లేచి ఉండవు. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కులతో తెరుచుకున్న కిటికీలోకి మామూలు హక్కుల ప్రోగ్రామ్ కీలు పంపలేదు, అక్కడ ఎంత వంచినా స్పందన ఉండదు. పాడైందనుకుని మా మేనల్లుడు ఒకసారి ప్యాడ్ విప్పేశాడు కూడా.

నాకు కావలసింది ఇంకొకటి ఉంది, అది నా చేతుల్లో లేదు. ఇన్‌స్క్రిప్ట్ మీదుగా దొడ్డిదారిన వెళ్లకుండా, కంట్రోలర్ నుంచి నేరుగా తెలుగు అక్షరం పుట్టించే పద్ధతిని ఎవరైనా రాయాలి. లినక్స్‌లో రకరకాల భాషల టైపింగ్ పద్ధతులు దాచే ఎమ్17ఎన్ అనే సంచిలో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లాంటి పలకలు ఇప్పటికే ఉన్నాయి, పక్కన ఇదొకటి చేరితే కొంప మునగదు. అప్పుడు ఎనిమిది సెట్ల ఇరుకూ ఉండదు, కచకి బదులు చ అని ప్రోగ్రామే సర్దుకోగలదు. ఖాళీ దిక్కులు కొన్ని నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఎల్1 పట్టుకుని కుడి స్టిక్ వంచితే ప్రస్తుతానికి కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకం. అంకెలు పదింటికీ చోటు సరిపోక వాటికి కీబోర్డే దిక్కు. ఱ కి చోటిచ్చాను, అరసున్నాని ఎవరూ అడగలేదు. రూపాయి గుర్తుని మాత్రం ఎల్2తో స వైపు వంచితే వచ్చేలా పెట్టుకున్నాను. వాట్సాప్‌లో ఫ్లెక్సీ బాకీలు అడగాలంటే అది లేకుండా కుదరదు.